వారంటీ కాల్స్ డబ్బు ఇవ్వరు, 5 లక్షలకు 'ఫుల్ అండ్ ఫైనల్' సంతకం పెట్టమంటున్నారు

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ఏసీలు, ఫ్రిజ్‌లు, వాషింగ్ మెషీన్లు తయారుచేసే ఒక కంపెనీకి సర్వీస్ ఫ్రాంచైజీ నడుపుతున్నాం. ఫర్మ్ నా పేరు మీద ఉంది, పని చూసేది మా ఆయన. 2020లో మొదటి అగ్రిమెంట్, 2023 ఆగస్టులో రెన్యువల్ అయింది. 3 లక్షలు డిపాజిట్ కట్టాం. నెలనెలా బ్రాండ్ ఫీజు కడుతున్నాం. 2022లో బ్యాంకు లోను కోసం ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు) చేయించాం. వారంటీలో ఉన్న మెషీన్లకు కస్టమర్ దగ్గర పైసా తీసుకోం, కాల్‌కు ఇంత అని కంపెనీయే మాకివ్వాలి. 2023 సెప్టెంబరు నుంచి బిల్లులు పేరుకుని 14 లక్షల 20 వేలకు చేరాయి. అందులో 8 లక్షల 60 వేలు వాళ్లే అప్రూవ్ చేసినవి. మిగతావి 'పాడైన పార్టు వెనక్కి రాలేదు', 'హ్యాపీ కోడ్ (పని అయ్యాక కస్టమర్ చెప్పే నంబరు) లేదు' అని హోల్డ్‌లో పెట్టారు. కొన్నేమో మా ఏరియా కాకపోయినా ఏరియా మేనేజర్ ఫోన్ చేసి అమలాపురం, తుని దాకా పంపించిన కాల్స్. ఇప్పుడు 5 లక్షలిస్తాం, ఫుల్ అండ్ ఫైనల్ అని సంతకం పెట్టండి అంటున్నారు. గొడవలొస్తే గురుగ్రామ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టుకు బదులు ఆర్బిట్రేటర్ అనే మనిషి ఇచ్చే తీర్పు) అని అగ్రిమెంట్‌లో ఉంది. కంపెనీ స్పేర్లు, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ ఒప్పందం) డబ్బులు మన దగ్గరే ఆపేసి పోలీసు కేసు పెడదామని మా తమ్ముడు అంటున్నాడు. ముగ్గురు మెకానిక్‌లకు జీతాలివ్వాలి. ఇంకా కాల్స్ తీసుకోవాలా, మానేయాలా? (పేరు వేయవద్దు)

సమాధానం: సంతకం పెట్టకండి. మిగతా ప్రశ్నలకు కాస్త టైము ఉంది, దీనికి లేదు. అందుకే ముందుగా చెబుతున్నాను.

'ఫుల్ అండ్ ఫైనల్' అని రాసిచ్చి 5 లక్షలు తీసుకున్నాక మిగతా 9 లక్షల 20 వేలు అడగబోతే, కంపెనీ లాయరు మొదట తీసే కాగితం అదే. బలవంతంగా రాయించుకున్నారని నిరూపిస్తే అలాంటి రసీదు చెల్లదని సుప్రీంకోర్టు 2008లో బోఘరా పాలీఫ్యాబ్ కేసులో చెప్పిన మాట నిజమే. కానీ ఆ బలవంతాన్ని నిరూపించాల్సింది మీరు. 'డబ్బు అవసరమై పెట్టాను' అంటే అది బలవంతం కిందికి రాదు. నిజంగానే చేతిలో డబ్బు ఆడక ఆ 5 లక్షలు తీసుకోవాల్సి వస్తే, 'అప్రూవ్ అయిన బిల్లుల బాపతు పాక్షిక చెల్లింపుగా తీసుకుంటాం, మిగతా బాకీ మీద మా హక్కులు అలాగే ఉంటాయి' అని మెయిల్ పెట్టండి. వాళ్లు ఒప్పుకుంటే తీసుకోండి. ఒప్పుకోకపోతే ఆ 5 లక్షలు వదిలేయండి. కేవలం అప్రూవ్ అయిన బాకీయే దానికంటే ఎక్కువ ఉంది.

ఇక మీ ఉత్తరంలో నాకు అన్నిటికంటే ముఖ్యమనిపించిన విషయానికి వస్తాను. ఫ్రాంచైజీ అనగానే బ్రాండ్ వాళ్లది, డబ్బు మనం వాళ్లకు కట్టాలి అన్న లెక్కలో ఉంటాం. కంపెనీలు కూడా అదే ధోరణిలో మాట్లాడతాయి. మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ విడిగా చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టమే ఆధారం. కాబట్టి అగ్రిమెంట్ మీద ఏ పేరు రాసుందన్నది పక్కన పెట్టి, ఎవరు ఎవరికి పనిచేశారో చూడాలి. వారంటీ అయిపోయిన మెషీన్ బాగుచేసి కస్టమర్ దగ్గర డబ్బు తీసుకుంటే, ఆ వ్యాపారం మీది, అందులో కంపెనీకి వాటా ఉంటుంది. వారంటీలో ఉన్న మెషీన్ సంగతి వేరు. ఉచితంగా బాగుచేస్తామని కస్టమర్‌కు మాటిచ్చింది కంపెనీ. ఆ మాట నిలబెట్టింది మీ మెకానిక్. అంటే ఆ పని మేరకు మీరు సేవ అమ్మినవాళ్లు, కంపెనీ కొన్నది. కొరియర్ డెలివరీ ఫ్రాంచైజీలకూ, ల్యాబుల కోసం శాంపిళ్లు సేకరించే సెంటర్లకూ చాలా సందర్భాల్లో ఇదే వర్తిస్తుంది, వాళ్లూ గమనించాలి.

ఈ తేడా ఎందుకంటే, గురుగ్రామ్ వెళ్లకుండా పని జరిగే దారి దీనిమీదే ఆధారపడి ఉంది. 2006 నాటి ఎంఎస్ఎంఈ (సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థల) అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ లేదా చిన్న సంస్థ దగ్గర సరుకో సేవో తీసుకున్నవాళ్లు ఒప్పుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా 45 రోజులు దాటడానికి వీల్లేదు. మీ అగ్రిమెంట్‌లో 60 రోజులో 90 రోజులో ఉన్నా సరే, 45 దగ్గరే ఆగుతుంది. అసలు గడువే రాసుకోకపోతే 15 రోజులు. ఆ తర్వాత రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడు రెట్లు, అదీ నెలనెలా చక్రవడ్డీ కట్టాలి. బ్యాంకు రేటు 6 శాతం ఉందనుకుంటే వడ్డీ 18 శాతం. లక్ష రూపాయల బాకీ రెండేళ్లకు సుమారు 1,42,950 అవుతుంది. అగ్రిమెంట్‌లో 'ఆలస్యానికి వడ్డీ ఉండదు' అని రాసుకున్నా ఈ వడ్డీ తప్పదు.

డబ్బు రాకపోతే ఆ చట్టంలోని 18వ సెక్షన్ కింద ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే మన రాష్ట్రంలోని ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళ్లొచ్చు. దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెడతారు. కొన్నవాళ్లు దేశంలో ఎక్కడున్నా, అమ్మినవాళ్లున్న చోటి కౌన్సిల్‌కే అధికారం అని చట్టంలోనే ఉంది. మరి అగ్రిమెంట్‌లోని గురుగ్రామ్ ఆర్బిట్రేషన్ మాటేమిటి అంటారా? 2022 అక్టోబరులో మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చేసింది. ఇద్దరూ విడిగా ఆర్బిట్రేషన్ రాసుకున్నా ఈ చట్టందే పైచేయి. కౌన్సిల్ మొదట రాజీ చేయడానికి చూస్తుంది. కుదరకపోతే తనే ఆర్బిట్రేషన్ జరుపుతుంది, లేదా వేరే సంస్థకు అప్పగిస్తుంది. 90 రోజుల్లో తేల్చాలని చట్టం చెబుతుంది గానీ ఆ లెక్కన డబ్బు వస్తుందనుకుని అప్పులు చేయకండి. అసలు బలం వేరే చోట ఉంది. మీకు అనుకూలంగా అవార్డు, అంటే ఆర్బిట్రేషన్ తీర్పు, వచ్చాక కంపెనీ దాన్ని కోర్టులో సవాలు చేయాలంటే, అందులోని మొత్తంలో 75 శాతం ముందు డిపాజిట్ చేయాలి. ఏళ్ల తరబడి వాయిదాలతో మనల్ని అలసగొట్టే ఆట ఇక్కడ సాగదు.

ఇందులో ఒక మెలిక ఉంది. కాంట్రాక్టు నాటికి రిజిస్టర్ కాని సంస్థ తర్వాత రిజిస్టర్ చేయించుకుని వెనకటి పనికి ఈ చట్టం వర్తింపజేయమంటే కుదరదని అదే మహాకాళి తీర్పులో ఉంది. రిజిస్ట్రేషన్ ముందే ఉండి తీరాలా అన్న ప్రశ్నను సుప్రీంకోర్టే 2025 జనవరిలో ఇంకో కేసులో విస్తృత ధర్మాసనానికి పంపింది. మీ విషయంలో అదృష్టం కలిసొచ్చింది. ఉద్యమ్ 2022లో వచ్చింది, రెన్యువల్ అగ్రిమెంట్ 2023 ఆగస్టులో, బాకీలన్నీ సెప్టెంబరు నుంచి మొదలైనవి. కాబట్టి ఎక్కడా మొదటి అగ్రిమెంట్ ఆధారంగా మాట్లాడకండి. నోటీసులో, దరఖాస్తులో 2023 అగ్రిమెంట్ తేదీనే వేయించండి. ఉద్యమ్ సర్టిఫికెట్‌లో మీ పని 'సేవలు' కింద నమోదైందో లేదో కూడా ఈ రోజే చూసుకోండి. కేవలం వ్యాపారులుగా, అంటే ట్రేడర్లుగా నమోదైనవాళ్లకు ఉద్యమ్ వల్ల బ్యాంకు రుణాల సౌకర్యమే తప్ప ఈ బాకీల రక్షణ లేదు.

ఇంత చట్టం చెప్పానా, ఇదంతా కాగితాలుంటేనే. మీ కాల్స్ వివరాలన్నీ కంపెనీ సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాయి. లాగిన్ వాళ్ల చేతిలో ఉంది. ఇలాంటి గొడవల్లో నోటీసు అందిన రోజే లాగిన్ ఆగిపోతుంది. అందుకని నోటీసు వెళ్లకముందే 2023 సెప్టెంబరు నుంచి ప్రతి కాల్ వివరం దించుకోండి: కాల్ నంబరు, కేటాయించిన తేదీ, క్లోజ్ చేసిన తేదీ, మార్చిన పార్టు, అప్రూవల్ స్థితి. స్క్రీన్‌షాట్లు తీస్తే తేదీ, అడ్రసు బారు కనిపించేలా తీయండి. ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా పెట్టాలంటే 2024 జూలై నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ జత చేయాలి. దించుకున్న కంప్యూటరు, ఫోను మార్చకండి, ఫార్మాట్ చేయకండి.

దించాక 14 లక్షల 20 వేలను ఒకే ముద్దగా అడగొద్దు. మూడు కట్టలు చేయండి.

మొదటిది అప్రూవ్ అయి మీరు జీఎస్టీ ఇన్‌వాయిస్ వేసిన 8 లక్షల 60 వేలు. దీనికి మీ దగ్గరే ఉండి మీరు చూడని సాక్ష్యం ఒకటుంది: మీ 26ఏఎస్, అంటే మీ పేరు మీద ఎవరెంత టీడీఎస్ (ముందే కోసే ఆదాయపు పన్ను) కట్టారో చూపే పట్టిక. అది తీసి కంపెనీ పేరు పక్కన నెలవారీగా చూడండి. డబ్బు చేతికివ్వకపోయినా, మీ ఖాతాకు జమ రాసిన రోజే టీడీఎస్ కోయాలన్నది ఆదాయపు పన్ను నిబంధన. డబ్బు రాని నెలల్లో కూడా 194సి (కాంట్రాక్టు పనుల సెక్షన్) కింద టీడీఎస్ కనిపిస్తే, కంపెనీ తన పుస్తకాల్లో మీకు బాకీ ఉన్నట్టు రాసుకుందనే అర్థం. ఇదొక్కటే కేసు గెలిపించదు గానీ, 'అసలు బాకీయే లేదు' అనే నోరు మూయిస్తుంది. అలాగే జీఎస్టీ. ఆ బిల్లుల మీద 18 శాతం మీరు మీ జేబులోంచి ఎప్పుడో కట్టేశారు. ఆ పన్నును కంపెనీ ఇన్‌పుట్ క్రెడిట్‌గా (తను కట్టాల్సిన జీఎస్టీలో తగ్గింపుగా) వాడుకుని ఉంటే, ఇన్‌వాయిస్ తేదీ నుంచి 180 రోజుల్లో మీకు డబ్బు ఇవ్వకపోతే ఆ క్రెడిట్‌ను వడ్డీతో వెనక్కి కట్టాలి. ఓ పక్క మీ బిల్లు మీద క్రెడిట్ వాడుకుంటూ, ఇంకో పక్క అదే బిల్లు చెల్లదనడం కుదరదు. నోటీసులో ఈ మాట తప్పకుండా రాయించండి.

రెండో కట్ట హోల్డ్‌లో ఉన్నవి. ఇక్కడే ఓపిక కావాలి. పాడైన పార్టు రాలేదన్న ప్రతి కాల్‌కూ మీరు పంపిన కొరియర్ రసీదు, డబ్బాలో ఏమేం పెట్టారో రాసిన చలానా వెతకండి. ఒకే డబ్బాలో పది పార్టులు పంపి ఉంటారు, వాళ్ల గోడౌన్‌లో ఎనిమిదే ఎంట్రీ చేసి ఉంటారు. ఈ రంగంలో మామూలే. హ్యాపీ కోడ్ లేదన్న వాటికి కస్టమర్ సంతకం ఉన్న జాబ్ షీటు చాలు. పని జరిగిందన్నదానికి కోడ్ ఒక రుజువు మాత్రమే, అదొక్కటే రుజువు కాదు. ఆ కస్టమర్ అదే కంప్లయింట్‌తో మళ్లీ ఫోన్ చేయలేదని సాఫ్ట్‌వేర్‌లో కనబడితే ఇంకా మంచిది. రసీదూ, జాబ్ షీటూ రెండూ లేని కాల్స్‌ను మాత్రం లెక్కలోంచి తీసేయండి. వాటిని కలిపి అడిగితే కంపెనీ లాయరు సరిగ్గా వాటినే పట్టుకుని మొత్తం పట్టికను అనుమానించేలా చేస్తాడు.

మూడోది అమలాపురం, తుని కాల్స్. అగ్రిమెంట్‌లో లేని ఏరియా కాబట్టి ఇవ్వం అంటారు. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ సరిగ్గా ఇలాంటి చోటికే. ఊరికే చేసిపెట్టే ఉద్దేశం లేకుండా ఒకరు న్యాయంగా పనిచేస్తే, దాని లాభం అవతలివాళ్లు అనుభవిస్తే, వాళ్లు ప్రతిఫలం ఇవ్వాలి. పశ్చిమ బెంగాల్‌లోని ఆరాంబాగ్‌లో అధికారుల మాట మీద ఒక కాంట్రాక్టరు సివిల్ సప్లైస్ శాఖకు గోడౌన్లు కట్టాడు. చట్టప్రకారం చెల్లే కాంట్రాక్టు లేదు కాబట్టి డబ్బివ్వం అంది ప్రభుత్వం. కట్టించుకుని వాడుకున్నారు కాబట్టి ఇవ్వాల్సిందేనని సుప్రీంకోర్టు 1961లో బి.కె. మండల్ కేసులో తేల్చింది. మీ ఏరియా మేనేజర్ ఫోన్ చేసిన రోజుల కాల్ లిస్టు, వాట్సాప్‌లో పంపిన అడ్రసులు, బైకు పెట్రోలు బిల్లులు కలిపి పెట్టండి. ఆ కాల్స్‌ను కంపెనీ తన సాఫ్ట్‌వేర్‌లో క్లోజ్ చేసుకుని ఉంటే పని స్వీకరించినట్టే.

గడువు సంగతి. ఇలాంటి బాకీలకు కాలపరిమితి మూడేళ్లు, ఏ బిల్లు గడువు ఆ బిల్లుదే. చివరి బిల్లు నుంచి అన్నిటికీ కలిపి లెక్క అనుకుని చాలామంది పాత బిల్లులు పోగొట్టుకుంటారు. జాగ్రత్త కోసం పని పూర్తయిన తేదీ నుంచే లెక్కేసుకోండి. 2023 సెప్టెంబరు మొదటి వారంలో చేసిన పనికి 2026 సెప్టెంబరు మొదటి వారంతో సరి. కౌన్సిల్ దగ్గర ఆర్బిట్రేషన్ దశలో ఈ పరిమితి చూస్తారు, కాబట్టి అక్కడా ఇదే జాగ్రత్త. 'వచ్చే క్వార్టర్‌లో క్లియర్ చేస్తాం' అని ఏరియా మేనేజర్ ఫోన్‌లో చెబితే గడువు పెరగదు. బాకీ ఉందని రాతపూర్వకంగా, బాధ్యత గల మనిషి సంతకంతో, పాత గడువు తీరకముందే ఒప్పుకుంటే అప్పటి నుంచి మళ్లీ మూడేళ్లు మొదలవుతాయి. ఏటా మార్చి నెలాఖరుకు కంపెనీ అకౌంట్స్ వాళ్లు బ్యాలెన్స్ కన్ఫర్మేషన్ పంపుతారు కదా, దాని కోసం మీరే అడగండి. వాళ్లు వేసిన అంకె తక్కువుంటే మాత్రం కళ్లు మూసుకుని సంతకం చేసి పంపకండి. తేడా ఎంతో రాసి, 'ఈ మేరకు మాత్రమే అంగీకారం' అని తిప్పి పంపండి.

నోటీసుకంటే ముందు ఒక చిన్న ఉత్తరం కంపెనీ అకౌంట్స్‌కూ, కంపెనీ సెక్రటరీకీ పంపమంటాను. అందులో మీ ఉద్యమ్ నంబరు, బిల్లుల పట్టిక, 45 రోజులు దాటినవి ఎన్నో ఉంటే చాలు. సూక్ష్మ, చిన్న సంస్థలకు 45 రోజులు దాటి బాకీ ఉన్న కంపెనీలు ఆ వివరాలను ఆరు నెలలకోసారి కంపెనీల రిజిస్ట్రార్‌కు ఇవ్వాలి. పైగా, గడువులో కట్టని ఆ బాకీని, కట్టే దాకా ఖర్చు కింద చూపించుకోనివ్వకుండా 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టంలో 43బి(హెచ్) వచ్చింది. ఏరియా మేనేజర్‌కు మీ బాధ పట్టకపోవచ్చు, ఆడిటర్‌కు ఈ ఉత్తరం పడుతుంది. కొందరికి లాయరు నోటీసు దాకా వెళ్లకుండానే అప్రూవ్డ్ మొత్తం వచ్చేయడం ఈ ఉత్తరం వల్లే.

కంపెనీ ఊరుకోదు, ఎదురు క్లెయిమ్ వేస్తుంది. ఆలస్యమైన కాల్స్‌కు పెనాల్టీ అంటుంది, కట్టని బ్రాండ్ ఫీజు ఉంటే అదీ అడుగుతుంది. ఫీజు నిజంగా బాకీ ఉంటే లెక్కలో మీరే తీసేసి చూపించండి, మర్యాదగా ఉంటుంది. పెనాల్టీకి మాత్రం భయపడక్కర్లేదు. అగ్రిమెంట్‌లో ఎంత రాసుకున్నా సమంజసమైన నష్టపరిహారమే వస్తుందని కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ చెబుతుంది.

3 లక్షల డిపాజిట్ దారి వేరు. అది చేసిన పనికి ధర కాదు, కాబట్టి కౌన్సిల్ దాన్ని పట్టించుకోకపోవచ్చు. దానికి ఆర్బిట్రేషనే దిక్కు. అక్కడ కూడా 'ఆర్బిట్రేటర్‌ను మా ఎండీయే నియమిస్తారు' అని క్లాజు ఉంటే అది చెల్లదు. వివాదంలో ఉన్నవాళ్లు ఏకపక్షంగా ఏకైక ఆర్బిట్రేటర్‌ను పెట్టడానికి వీల్లేదని 2019లో పర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తేలిపోయింది. కంపెనీ రాజీకి వస్తే డిపాజిట్‌ను కూడా అందులోనే కలిపి తేల్చుకోండి, 3 లక్షల కోసం విడిగా గురుగ్రామ్ తిరగడం దండగ.

మీ తమ్ముడి సలహా మంచి ఉద్దేశంతో ఇచ్చిందే గానీ దగ్గరికి రానివ్వకండి. ఏఎంసీ డబ్బు కస్టమర్లు కంపెనీ పేరు మీద ఇచ్చినది. దాన్ని ఆపుకుంటే, ఇప్పటిదాకా డబ్బు అడుగుతున్న మీరు కాస్తా నమ్మక ద్రోహం కేసులో జవాబు చెప్పుకునేవాళ్లవుతారు. ఇప్పటికే చేతిలో ఉంటే వెంటనే బ్యాంకు ద్వారా కట్టేసి, రసీదు దాచుకోండి. స్పేర్లు కూడా అంతే. బాగుచేసిన వస్తువును కూలి ఇచ్చేదాకా ఆపుకునే హక్కు చట్టంలో ఉంది, కానీ అది ఆ వస్తువు మీద చేసిన పనికే. షెల్ఫులో ఉన్న కొత్త కంప్రెసర్‌ను పాత బిల్లు కోసం ఆపే హక్కు, అగ్రిమెంట్‌లో రాసి ఉంటే తప్ప, మీకు లేదు. లిస్టు రాసి, ఫొటోలు తీసి, సంతకం తీసుకుని అప్పగించండి. పోలీసు కేసు మీరు పెట్టినా నిలవదు. డబ్బు ఇవ్వకపోవడం ఒక్కటే మోసం కాదని, సివిల్ తగాదాలను క్రిమినల్ కేసులుగా మార్చొద్దని సుప్రీంకోర్టు ఎన్నోసార్లు చెప్పింది. ఎవరైనా ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీల దివాలా కేసులు చూసే ట్రిబ్యునల్‌లో) దివాలా పిటిషన్ వేద్దామని చెబితే అదీ వినొద్దు. దానికి బాకీ కనీసం కోటి రూపాయలుండాలి.

ఆర్బిట్రేషన్ క్లాజు లేని పాఠకులకు ఒక మాట. ఫ్రాంచైజీ అగ్రిమెంట్ తగాదాలు 3 లక్షలు, ఆపైన ఉంటే కమర్షియల్ కోర్టుకు వెళతాయి. అత్యవసర ఉత్తర్వులు కోరకపోతే ముందుగా మధ్యవర్తిత్వానికి వెళ్లి తీరాలి. అది చేయకుండా వేసిన దావాను కోర్టు తిప్పి కొడుతుంది.

చివరగా, కాల్స్ తీసుకోవాలా అన్నది. రేపట్నుంచి మానేస్తే అగ్రిమెంట్ ఉల్లంఘించింది మీరేనని కంపెనీ అంటుంది. ముందు అగ్రిమెంట్‌లో విరమణ నోటీసు ఎన్ని రోజులో చూడండి. ఆ గడువుతో నోటీసు ఇచ్చేదాకా మీ ఏరియా వారంటీ కాల్స్ చేయండి. కానీ వేరే ఏరియా కాల్ ఒక్కటి కూడా మెయిల్ రాకుండా ఒప్పుకోకండి. ఏరియా మేనేజర్ ఫోన్ చేస్తే 'మెయిల్ పెట్టండి సార్, వెంటనే మనిషిని పంపిస్తాం' అనండి. వారంటీ అయిపోయిన మెషీన్ల పని మీ చేతికి నేరుగా డబ్బు తెచ్చేది కాబట్టి, మెకానిక్‌లను ముందు ఆ కాల్స్‌కు పంపి, వాళ్ల జీతాలు అందులోంచి వెళ్లేలా చూసుకోండి. వారంటీ కాల్‌కు అగ్రిమెంట్‌లో ఇన్ని గంటలని రాసుంటే మాత్రం ఆ గడువు దాటనివ్వకండి.